బదులు నడక

1. మంగళవారం

పాఠాలమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నా గుండెకూ నాకూ మధ్య రాతకోతలేమిటి?

ఆవిడ పేరు ఇందుమతి. దిగువ ఆసుపత్రి నుంచి వారానికోసారి తాడుబండిలో వేలాడుతూ మా మెట్టపేటకి ఎక్కొస్తుంది. గుండెపోటు వచ్చి, బతికి, ఇంటికి చేరినవాళ్ళని కూర్చోబెట్టి, ఇకమీదట ఎవరి గుండెను వాళ్ళు ఎలా చూసుకోవాలో చెబుతుంది. మా వీధిలో అలాంటివాళ్ళం ముగ్గురం ఉన్నాం. నేను, మా తమ్ముడు గవరయ్య, ఎదురింటి నూకరత్నం. ముగ్గురికీ ఒక్క ఎండాకాలంలోనే వచ్చింది. ఆ ఎండకి రాకుండా మిగిలినవాళ్ళదే విడ్డూరం.

ముగ్గురి ఛాతీ మీదా తలా ఒక బిళ్ళ అంటించి పంపారు. పాతకాలం రూపాయంత ఉంటుంది, ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇంట్లో గోడకి మందుల పెట్టె బిగించారు. దాని మీద నాకో దీపం, తమ్ముడికో దీపం. ఎవరి గుండె కొట్టుకుంటే వాళ్ళ దీపం మిణుకుతుంది. పొద్దున్నే "తవిటమ్మగారూ, శుభోదయం" అని సొరుగు తెరిచి మాత్రలిస్తుంది. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నన్ను తవిటీ అనే పిలిచింది. ఈ పెట్టెకి నోరుంది గానీ చెవుల్లేవు, కళ్ళు అంతకన్నా లేవు. బిళ్ళ ఏం చెబితే అదే దానికి లోకం.

"బిళ్ళ మీ గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది. మీకు ఎలా ఉందో చెప్పదు. అది మీరే తెలుసుకోవాలి, రాసుకోవాలి" అంది ఇందుమతి.

సరే, రాస్తున్నాను. ఇవాళ నాకు ఆకలిగా ఉంది. సొరంగం తవ్వినవాళ్ళ మెస్సులో వంట చేసి బతికినదాన్ని. ఒక్క నోరు కూడా నా కూర చప్పగా ఉందనలేదు. ఇప్పుడు ఉప్పులేని పప్పు నా చేత్తో నేనే వండుకు తినాల్సొచ్చింది. ఇంతకన్నా గుండెపోటే నయం.

2. శుక్రవారం

నడక గురించి గొడవ.

బయట ఎండలో మాలాంటివాళ్ళు నడవకూడదు. పాత రైలు సొరంగంలో చల్లగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే అక్కడ నడవాలి. సొరంగం గోడలోనూ పెట్టె గొంతే ఉంది, "బాగా నడుస్తున్నారు" అంటూ ఉంటుంది. బాగానే ఉంది. కానీ మంచు వలలు పిండేదీ ఆ వేళకే. రాత్రంతా కొండమీద వలలకి పట్టిన మంచుని ఎండ పొడవకముందే పిండి కుండల్లోకి దింపుకోవాలి. ఆ వేళ దాటితే ఆ రోజుకి నీళ్ళు లేవు.

"నడకకీ అదే టయిము, వలలకీ అదే టయిము. మనిసికి రెండు కాల్లే కదేటొదినా ఉన్నాయి?" అంది నూకరత్నం.

నడక తప్పితే బిళ్ళ పసుపు రంగుకి మారుతుంది. అలా మారుతూ ఉంటే పాఠం రాలేదని అర్థం. పాఠం రానివాళ్ళని తాడుబండి కిందికి తీసుకుపోతుంది, మళ్ళీ నేర్పడానికట. అలా వెళ్ళినవాళ్ళెవరూ ఇంతవరకూ పైకి రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో దీపాలు మాత్రం మిణుకుతూనే ఉన్నాయి కాబట్టి బతికే ఉన్నారని ఇంట్లోవాళ్ళు ధైర్యంగా ఉన్నారు. పెట్టె కూడా అప్పుడప్పుడూ "వారు ఇంకా నేర్చుకుంటున్నారు" అని కబురు చెబుతుంది. అంతంత కాలం నేర్చుకునే చదువేమిటో నాకు తెలియదు. నాకు మాత్రం భయంగానే ఉంది.

3. సోమవారం

నూకరత్నం స్నానం చేస్తుంటే బిళ్ళ ఊడొచ్చింది. బిళ్ళ చల్లబడితే గుండె ఆగిపోయిందనుకుంటుంది కదా పెట్టె, కంగారుపడి చేతికందిన ఒంటికి అంటించేసింది. ఆ ఒళ్ళు వాళ్ళ మేకది. మేక పెరడంతా గెంతింది.

పెట్టె వెంటనే "నూకరత్నంగారూ, మీరు ఆందోళనగా ఉన్నారు. కాసేపు కూర్చోండి" అందట.

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక గవరయ్య మాత్రం ఆలోచనలో పడ్డాడు. వాడు అరవైకి దగ్గరపడుతున్నా మనిషి దిట్టం. సొరంగంలో బండలు మోసిన ఒళ్ళు.

"అప్పా, అంటే సల్లారకుండా ఉంటే సాలు. ఎవుల మీదున్నాదో దానికి తెలీదన్నమాట" అన్నాడు.

"తెలీకపోతే?"

"మీరిద్దరూ వలలు పిండండి. నా వాటా కూడా పిండీండి. నాను మూడు బిల్లలూ ఎట్టుకుని నడిసొత్తాను. బదులు."

మా అమ్మ కాలంలో కింద మడులున్నప్పుడు నాట్లకి బదులు వెళ్ళేవాళ్ళు. నీ మడిలో నేనొక పూట నాటితే నా మడిలో నువ్వొక పూట నాటుతావు. అందులో మోసం లేదు, తప్పూ లేదు. ఎవరి పని ఎవరు చేసినా మడి నిండితే చాలు. నడక కూడా అంతేననిపించింది మాకు. ముగ్గురిలో ఒక్కరికీ అది వేరే సంగతి అని తోచలేదు.

4. ఆదివారం

బదులు బాగా సాగుతోంది. గవరయ్య మూడు పేటల గొలుసు వేసుకున్న పెళ్ళికూతురిలా ఛాతీ మీద మూడు బిళ్ళలతో వెళుతున్నాడు. నూకరత్నం, నేను వలలు పిండుతున్నాం. నీళ్ళకి ఇబ్బంది లేదు. వాడు తిరిగొచ్చేసరికి చల్ల అంబలి సిద్ధంగా ఉంచుతున్నాను.

మొదట్లో నడక అవగానే ఎవరి బిళ్ళ వాళ్ళం తీసుకునేవాళ్ళం. కానీ నా ఒంటి మీదికి రాగానే అది పసుపు తిరిగి, మెట్లెక్కావేం, ఉప్పు తిన్నావేం అని పెట్టె చేత సణిగిస్తుంది. వాడి మీదుంటే రోజంతా ఆకుపచ్చే. అందుకని వాడి మీదే వదిలేశాం. ఇంట్లో రెండు దీపాలూ ఒక్కలా మిణుకుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంది.

నిన్న ఇంత ఎండుచేప కాల్చుకున్నాను. ఎన్నాళ్ళకి! ఒళ్ళు ఏమంటోందో రాయాలి కదా. ఒళ్ళు ఇంకో ముక్క అడిగింది.

5. బుధవారం

పెట్టె ఇవాళ నన్ను పొగిడింది. "తవిటమ్మగారూ, మీ గుండె చక్కగా కోలుకుంది. ఇకపై ఈ రెండు మాత్రలు మీకు అవసరం లేదు." సొరుగులో ఒక్కటే ఉంది. తమ్ముడికీ అంతే, నూకరత్నానికీ అంతే.

నూకరత్నం సంబరపడింది. నేను సంబరపడలేకపోయాను. కోలుకున్నది నా గుండె కాదుగా. ఆ మాటే గవరయ్యతో అంటే, "నువ్వు ఊరికే బెంగెట్టుకోకప్పా. నాను నడిత్తే నీకూ మంచిదే" అన్నాడు. వాడికి మూడు బిళ్ళలు మోయడం గొప్పగా ఉంది. ఇద్దరు ఆడవాళ్ళ ప్రాణం తన రొమ్ము మీద పెట్టుకుని తిరుగుతున్నానని వాడి ధీమా.

ముగ్గురూ ఇంత బాగా చేస్తున్నారు కాబట్టి నడక ఇంకా పెంచారట. సొరంగం అటు చివరిదాకా వెళ్ళి రావాలి.

6. మంగళవారం

ఇందుమతి వచ్చింది. ఆవిడ వచ్చే రోజు కాబట్టి ఎవరి బిళ్ళ వాళ్ళం అంటించుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నాం. పాఠం ఎప్పటిదే. నొప్పి రొమ్ములోనే వస్తుందనుకోకండి, దవడలో రావచ్చు, ఎడమ చేతిలో రావచ్చు, ఆడవాళ్ళకి ఒట్టి ఆయాసంలా రావచ్చు. గ్యాస్ అని సరిపెట్టుకోకండి. రక్తం పలచబడే మాత్ర ఒక్కపూట కూడా మానకండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ మా దగ్గర చెప్పే ఆవిడే లోకువ. నూకరత్నం ఆవులించింది.

పాఠం అయ్యాక ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"నిన్నటిదాకా మీ బిళ్ళ పంపిన గుండె ఇది కాదు తవిటమ్మగారూ" అంది మెల్లగా.

ఆవిడ గవరయ్య వైపు చూసింది, వాడి చొక్కా మీద చెమట చూసింది. అంతా అర్థమైపోయింది.

"పై అధికారులకి చెబితే ముగ్గుర్నీ కిందికి తీసుకుపోతారు. చెప్పకపోతే ఇక్కడే పోతారు. నన్నేం చెయ్యమంటారు?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళు ఎవరు మోస్తారమ్మా, నువ్వు మోస్తావా? కిందనుంచి వచ్చి నడవండి, నడవండి అనడం తేలికే. మా ఇల్లు మేం చక్కబెట్టుకుంటాం. నువ్వెళ్ళు" అన్నాను.

"వెళుతున్నాను. ఇక రాను కూడా. మీ వీధి బాగా నేర్చుకుందని లెక్క తేలిందట. మీకు పాఠం చెప్పే మనిషి అక్కర్లేదట." సంచీలోంచి ఒక మాత్రల పట్టీ తీసి నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది. "పోటు వస్తే ఒకటి నమిలించండి. ఊరికే మింగించడం కాదు, నమిలించాలి. దయచేసి బిళ్ళలు ఎవరివి వాళ్ళు పెట్టుకోండి."

తాడుబండి మంచులోకి దిగిపోయేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు. అన్న మాటకి సిగ్గేసింది. అయినా సాయంత్రానికి బిళ్ళ మళ్ళీ గవరయ్య మీదికే చేరింది. మర్నాడు వలలు పిండాలిగా.

7. శనివారం

పెట్టె కింద ఎర్ర మీట ఒకటి ఉండేది. నొక్కితే దిగువ నుంచి మనిషి పలికేవాడు. ఇవాళ చూస్తే మీట ఉన్నచోట పలకముక్క అతికించి ఉంది. "మీరు స్వయంగా చూసుకోగలుగుతున్నారు, అభినందనలు" అంది పెట్టె. మాత్రల సొరుగు తెరుచుకుంది గానీ ఖాళీగా ఉంది. ముగ్గురికీ అంతే.

గవరయ్య నడక నుంచి ఆలస్యంగా వచ్చాడు. అంబలి సగం తాగి వదిలేశాడు. ఎడమ భుజం తడుముకుంటున్నాడు.

"ఏట్రా?"

"గ్యాసప్పా. రాత్తిరి సెనగలు తిన్నాను కదా."

వాడు గ్యాస్ అనగానే నాకు గుండెల్లో రాయి పడింది. రేపటి నుంచి బదులు లేదు, ఎవరి బిళ్ళ వాళ్ళం పెట్టుకుందాం అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "ఇప్పుడు నీ మీద ఎట్టుకుంటే అది ఎర్రగా తిరుగుద్ది. నిన్ను ఒట్టుకుపోతారు. నిన్ను కిందకి అంపడానికేటి నానింత నడిసింది?" అని కేకలేశాడు. వాడు నామీద అరవడం చిన్నప్పటి తరవాత ఇదే.

నూకరత్నం కూడా వాడి పక్షమే. ఇద్దరూ ఒకటయ్యారని నేను ఊరుకున్నాను. నాకూ కిందికి పోవడం ఇష్టం లేదు, అది నిజం.

8. రాస్తున్నది శుక్రవారం. జరిగింది మొన్న.

వరసగా రాస్తాను.

వలలు పిండడం అయ్యాక గవరయ్య ఇంకా రాలేదు. అంబలి గిన్నె పట్టుకుని నూకరత్నం, నేను సొరంగానికి వెళ్ళాం. తాడుబండి ఆగే అరుగు మీద గిన్నె దించి లోపలికి వెళితే, వాడు గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. మొహం బూడిద రంగు. చొక్కా తడిసి ముద్దయింది. ఛాతీ మీద మూడు బిళ్ళలూ ఎర్రగా ఆరి ఆరి వెలుగుతున్నాయి.

గోడలోంచి ఆ మర్యాద గొంతు చెబుతోంది. "ముగ్గురికి ఒకే క్షణంలో ఒకేలా గుండెపోటు రావడం జరగదు. ఇది బిళ్ళల దోషం. శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టుకోండి."

మేం వచ్చేదాకా ఎంతసేపటి నుంచి చెబుతోందో. వాడు తుడుస్తూనే ఉన్నాడట పాపం, పంచె కొసతో.

కొంగు ముడిలోంచి మాత్ర తీసి నోట్లో పెట్టాను. "నములు, మింగకు, నములు" అన్నాను. నమిలాడు. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి వీపుకి నా మోకాళ్ళు ఆనించాను. పాఠాలమ్మ చెప్పినవన్నీ అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నూకరత్నం అరుగు మీదికి పరిగెత్తి బండి కోసం కేకలేసింది. కింద మంచు తప్ప ఏమీ లేదు. పిలిచే మీట లేదు. చెవుల్లేని గోడకి చెప్పుకోవాలి.

అప్పుడు నాకు తట్టింది. మూడు గుండెలు ఒకేసారి ఆగడాన్ని అది నమ్మదు. ఒక్క గుండె అయితే నమ్ముతుంది.

"నూకాలూ, మన బిళ్ళలు మనం పెట్టుకోవాలి."

దానికి వెంటనే అర్థమైంది. వెనక్కి ఒకడుగు వేసింది. "ఎట్టుకుంటే మన గుండి తెలిసిపోద్దొదినా. మాత్రల్లేవు, నడక లేదు. మనల్నీ ఒట్టుకుపోతారు."

"పోతే పోతాం."

నా తమ్ముడి మొహం వంక చూసింది. ఇంక మాట్లాడకుండా వాడి రొమ్ము మీంచి తన బిళ్ళ పీకి రవికలో అంటించుకుంది. నేనూ అంటించుకున్నాను. తుడవమనడం గోడ మానేసింది. తరవాత "గవరయ్యగారికి గుండెపోటు. బండి బయలుదేరింది" అంది. ఆ మాట విని ఇద్దరం ఏడ్చేశాం, ఏదో శుభవార్త విన్నట్టు.

వాణ్ణి చెరో రెక్క పట్టుకుని అరుగు దాకా లాక్కొచ్చాం. నాకు దవడ లాగేస్తోంది, ఊపిరి అందడం లేదు. కంగారు వల్ల అనుకున్నాను. బండి వచ్చింది. లోపల మంచం ఒక్కటే ఉంది.

"తవిటమ్మగారికీ గుండెపోటు మొదలైంది" అంది బండి. "బతికే అవకాశం ఎక్కువగా ఉన్నవారు తవిటమ్మగారు. ముందు వారిని ఎక్కించండి."

గవరయ్యని లోపలికి తోయబోతే తలుపు మూసుకుంది. నేను దగ్గరికి వెళితే తెరుచుకుంది. మళ్ళీ వాణ్ణి తెస్తే మూసుకుంది.

"నువ్వెక్కప్పా" అన్నాడు వాడు. గొంతు పీలగా వచ్చింది.

"నోరుముయ్యరా."

నా బిళ్ళ పీకి చల్ల అంబలి గిన్నెలో పడేశాను. అది మునిగి, ఎర్రగా ఒకసారి వెలిగి, నల్లబడింది. "తవిటమ్మగారి గుండె ఆగింది. వారి కుటుంబానికి మా సానుభూతి. గవరయ్యగారిని ఎక్కించండి" అంది బండి. తలుపు తెరుచుకుంది.

వాడు వెళ్ళిపోయాడు. నేను ఇంకో మాత్ర నమిలి ఆ అరుగు మీదే కూర్చున్నాను. నూకరత్నం నా చెయ్యి పట్టుకుని ఎండ ముదిరేదాకా వదల్లేదు. చచ్చిపోయాననుకున్నాను. చావలేదు.

9. ఆదివారం

నా దీపం ఆరిపోయింది. పెట్టె ఇప్పుడు నన్ను పలకరించదు. దీపం వెలిగేవాళ్ళకే ఇల్లూ, వలలో వాటా. ఇప్పుడవి తమ్ముడి పేరు మీద నడుస్తున్నాయి. వాడి దీపం కొట్టుకుంటోంది. గొప్పగా కాదు, తడబడుతూ. దాని ఎదురుగానే చాప వేసుకున్నాను.

నూకరత్నానికి పిలుపొచ్చింది. పాఠాలు మరిచిపోయిందట, మళ్ళీ నేర్పుతారట. మూట కట్టుకుని, మేకని నా గుమ్మానికి కట్టేసి నిలబడింది.

"ఎలాగూ ఎల్లాలి. నీ తమ్ముడ్ని నాను సూసుకుంటానొదినా. నువ్వు ఆ ఎండుసేపల జోలికెల్లకు" అంది.

దాన్ని కావలించుకుని ఏడ్చాను.

10. గురువారం

చచ్చినవాళ్ళకి మాత్రలు రావు. పట్టీలో మిగిలినవి పోటుకి దాచుకోవాలి. అందుకని పాఠాలతోనే బతుకుతున్నాను. ఉప్పు ముట్టడం లేదు. పొద్దున్నే సొరంగం గుమ్మం దాకా నడుస్తున్నాను, ఆయాసం రాకముందే ఆగుతున్నాను, కూర్చుని మణికట్టు పట్టుకుని చూసుకుంటున్నాను. గుండె ఆగి ఆగి కొడుతోంది. ఇది నాది. ఇన్నాళ్ళకి దీనితో ముఖపరిచయం అయింది.

గవరయ్య దీపం మాత్రం నిలకడగా ఉంది. తడబాటు పోయింది. రోజురోజుకీ జోరందుకుంటోంది. దిట్టమైన ఒళ్ళు, ఊరికే పోతుందా?

11. మంగళవారం

మేకకి ఆకు వేసి నూకరత్నం ఇల్లు ఊడుద్దామని తలుపు తీశాను. వాళ్ళ గోడ మీద దాని దీపం మిణుకుతోంది. వెనక్కి తిరిగితే వీధికి అవతల మా గుమ్మంలోంచి తమ్ముడి దీపం కనిపిస్తోంది. రెండూ ఒకేసారి వెలుగుతున్నాయి, ఒకేసారి ఆరుతున్నాయి.

చాలాసేపు వీధి మధ్యలో నిలబడ్డాను. ఇద్దరూ ఒకే చోట, ఒకే తిండి తిని, ఒకే మందు వేసుకుంటున్నారు కదా, అందుకే అయ్యుంటుంది అనుకున్నాను. తలుపు మూసేశాను.

12. శనివారం

పెట్టె దానంతట అదే పలికింది. "గవరయ్యగారు, నూకరత్నంగారు పాఠాలు నేర్చుకున్నారు. రేపు ఇంటికి వస్తున్నారు."

కింది నుంచి తిరిగొస్తున్న మొదటివాళ్ళు! పేటంతా మా ఇంటికి వచ్చింది. దీపాలు చూసుకుంటూ కూర్చున్నవాళ్ళంతా నా చేతులు పట్టుకుని, మావాళ్ళ సంగతి అడగమ్మా, ఎలా ఉన్నారో కనుక్కోమ్మా అన్నారు. చచ్చినదాన్నని ఎవరూ గుర్తుచెయ్యలేదు. చింతచిగురు పప్పు వండాలి. ఉప్పు లేకపోయినా పులుపు ఉంటే వాడు తింటాడు. నా మనసు ఒక్కచోట నిలవడం లేదు.

13. ఆదివారం

బండి తలుపు తెరుచుకుంది. నూకరత్నం దిగింది. వెనక ఎవరూ లేరు.

పైట కింద రెండు బిళ్ళలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

"నానెల్లిన మూడో పొద్దుకే ఆడు ఎల్లిపోనాడొదినా" అంది. "నాను పక్కనే ఉన్నాను. నీ పేరే అన్నాడు. సల్లారకముందే ఆడి బిల్ల నా గుండి మీద ఎట్టీసుకున్నాను. సల్లారిపోతే నీకు ఇల్లుండదు, నీల్లుండవు. మరేటి సెయ్యను?"

దాన్ని కొట్టాను. భుజం మీద, వీపు మీద కొట్టాను. అది కదలకుండా కొట్టించుకుంది. పేటవాళ్ళు అరుగు కింద నిలబడి చూస్తున్నారు. ఒకామె ముందుకొచ్చి, "మా ఆయన? మా ఆయన్ని చూశావా?" అని అడిగింది.

నూకరత్నం తల దించుకుంది. నాకు మాత్రమే వినపడేలా చెప్పింది. "అక్కడ నేర్పేవోలు ఎవులూ లేరొదినా. మంచాలున్నాయి. బతికున్నోలు ఒక్కొక్కల గుండి మీద సచ్చిపోనోల బిల్లలు పదేసి, పన్నెండేసి ఉన్నాయి. ఇక్కడ ఇల్లల్లో దీపాలు ఆరకూడదని. ఆల్లు పైకి రానేరు. వత్తే ఎవులింటి బిల్ల ఆలింటికి పోవాల, అన్నీ సల్లారిపోతాయి కదా. నాను ఆడిదొక్కటే తీసుకున్నాను, అందుకే రాగలిగేను."

తరవాత ఆ ఆడమనిషి వైపు తిరిగి, గొంతు పెంచి, "బాగున్నాడమ్మా. ఇంకా నేర్సుకుంటున్నాడు" అంది.

ఇంటికొచ్చాక నూకరత్నం నా ఎదురుగా కూర్చుంది. "తీసీమంటే తీసీత్తానొదినా. ఆడి దినం సేసుకుందాం. నువ్వు ఎలాగంటే అలాగే."

మా తమ్ముడికి ఇన్ని నీళ్ళు వదలాలనీ, గుండెలు బాదుకుని ఏడవాలనీ ఉంది. కానీ మేకా, నూకరత్నం, నేను తాగే నీళ్ళలో సగం వాడి వాటావే. నా ఆగి ఆగి కొట్టే గుండెకి మాత్ర దొరికేదీ వాడి పేరు మీదే. చెయ్యి చాపాను. అది తన రొమ్ము మీంచి బిళ్ళ ఒలిచి ఇచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. నా గుండె మీద అంటించుకున్నాను.

గోడ మీద దీపం ఒకసారి తడబడి, నా లెక్కన మిణకడం మొదలుపెట్టింది.

"గవరయ్యగారూ, ఇంటికి స్వాగతం" అంది పెట్టె. "ప్రయాణంలో మీ గుండె కొంచెం అలిసింది. మాత్రలు తిరిగి ప్రారంభిస్తున్నాం. రేపటి నుంచి నడక తప్పనిసరి."

సొరుగు తెరుచుకుంది. వాడి మాత్రలు మూడూ నేను వేసుకున్నాను. చింతచిగురు పప్పు ఇద్దరి ముందూ చల్లారిపోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, కడుపులోంచి, పట్టశక్యం కాకుండా.

దీపం గబగబా కొట్టుకుంది. బిళ్ళ పసుపు తిరిగింది.

"గవరయ్యగారూ, మీరు ఆందోళనగా ఉన్నారు. కాసేపు కూర్చోండి" అంది పెట్టె.

నూకరత్నం నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరం అలాగే గోడకి ఆనుకుని, బిళ్ళ మళ్ళీ ఆకుపచ్చగా అయ్యేదాకా కూర్చున్నాం.